గుమ్మడికాయ పక్కన గేరు ముక్క

ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం మనకు ఇంకా రాని రోజుల్లో, మా గోదావరిఖనిలో సైకిళ్ళు రెండు రకాలు. ఒకటి డ్యూటీ సైకిలు, రెండోది గేరు సైకిలు. డ్యూటీ సైకిలు నల్లగా, బరువుగా, క్యారియరుకు టిఫిన్ డబ్బా కట్టించుకుని గని దాకా పోయి వచ్చేది. దాన్ని ఎవరూ ముద్దు చేయరు, అది కూడా ఎవరినీ ఏమీ అడగదు. గేరు సైకిలు ఆఫీసర్ల బంగళాల్లో పుట్టేది. ఆఫీసరు గారికి బదిలీ అయినప్పుడు సామాను లారీలో చోటు చాలక, పిల్లలు అప్పటికే దానికంటే పొడుగు పెరిగిపోయి, అది జామచెట్టు కింద ఒంటరిగా మిగిలిపోయేది. పాత ఇనుప సామాన్ల బండివాడి కంటే ముందే దాన్ని అందుకొని, నట్టు నట్టూ విప్పి, నాలుగు సైకిళ్ళ ముక్కలతో ఒక సైకిలు కట్టుకునే పిచ్చి నాకూ నాలాంటి మరికొందరికీ పట్టింది. ఇప్పుడైతే ఫోన్ తెరిస్తే ప్రతి ముక్కకూ బొమ్మ, బొమ్మ కింద ధర. అప్పుడు ధర మనిషి నోట్లో ఉండేది. ఏ నోట్లో ఉందన్నదాన్ని బట్టి పెరిగేది, తరిగేది. నా కడుపుమంటంతా అక్కడే మొదలైంది. ఇన్నేళ్ళ ప్రార్థన కూడా దాన్ని పూర్తిగా చల్లార్చలేదు కాబట్టే ఇదంతా మీతో చెప్పుకుంటున్నాను.

మా సైకిలు బ్యాచ్ మొత్తం ఒకే క్రైస్తవ సంఘం వాళ్ళం. ప్రతి శనివారం మధ్యాహ్నం ప్రార్థన మందిరం వెనక వేపచెట్టు నీడలో గోనెపట్టాలు పరిచి ముక్కలు పెట్టుకునేవాళ్ళం. ఎవరికో పెడలు కావాలి, ఎవరి దగ్గరో అదనంగా ఒక రిమ్ము ఉంటుంది. ఓపెన్ కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా మందిరం రేకులు గలగలమనేవి, గ్రీజు డబ్బాలో సన్నని దుమ్ము పడేది. (ఆ గ్రీజు రాసిన బేరింగులు గరగరమంటే "మన బొగ్గే గదా" అని సరిపెట్టుకునేవాళ్ళం.) ఆ పట్టాల మీద నాకొక సిద్ధాంతం ఉండేది. నేను సండే స్కూల్లో పెరిగినవాణ్ణి. కంఠత వాక్యాల పోటీలో గెలిచిన స్టీలు గ్లాసులతో మా అమ్మ వంటింట్లో ఒక అర నిండిపోయింది. సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి రెండు తూకపు రాళ్ళు పెట్టుకోవద్దన్న బైబిలు ఆజ్ఞ సైకిలు ముక్కలకు కూడా వర్తిస్తుందని నేను గట్టిగా నమ్మాను. కొన్న ధర, దాని మీద కిరోసిన్ ఖర్చు, గ్రీజు ఖర్చు, అంతే. తోటి పిచ్చివాడి దగ్గర లాభం తీయడం పాపం. విప్పి తుడిచిన శ్రమకు కూలి అడగకూడదు, ఎందుకంటే ఆ శ్రమ మనకు పండుగ.

సిద్ధాంతం ఇంతటితో ఆగినా బాగుండేది. అమ్మే ముక్కలోని లోపాలన్నీ ముందే చెప్పేయాలని కూడా నా నియమం. ఒకసారి బ్రేకుల జత ఒకటి అమ్మకానికి పెట్టి, కొనడానికి వచ్చిన వెల్డింగ్ పని అన్నకు దాని బాధలన్నీ వరసగా వివరించాను. ఎడమ బ్రేకు స్ప్రింగు అలసిపోయిందని, కుడిదాని బోల్టు వానలో ఏడుస్తుందని, రబ్బరు ముక్క ఒకటి వేరే సైకిలుదని. ఆ అన్న ఓపికగా విని బ్రేకులు నెమ్మదిగా కింద పెట్టాడు. "తమ్మీ, నోటితోటి చెప్పినయే గిన్ని ఉన్నయంటె, చెప్పకుండ దాసినయి ఎన్నున్నయో" అన్నాడు. పక్క పట్టా మీద అంతకంటే అధ్వాన్నమైన జతను రెట్టింపు ధరకు కొనుక్కొని పోయాడు. ఆ రోజు నుంచి నన్ను అందరూ తూకం తమ్ముడు అనడం మొదలుపెట్టారు. నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను. (అది బిరుదు కాదని మా అక్క చెప్పేదాకా.)

ఆ పక్క పట్టా మా బావది. అంటే మా పెద్దక్క మొగుడు. కంపెనీ వర్క్‌షాపులో పని, మందిరంలో డోలక్, నాలుక మీద చక్కెర. బావకు ధర అంటే ముక్కను చూసి చెప్పేది కాదు, మొహాన్ని చూసి చెప్పేది. కొత్త చొక్కా వేసుకొని వస్తే ఒక ధర, చెమటతో ఉరుకుతూ వస్తే ఇంకో ధర. ఉరుకుతూ వచ్చినవాడికే ఎక్కువ. "అవసరం ఉన్నోనికే గదా బామ్మర్ది, వస్తువు ఇలువ తెలిసేది" అనేవాడు. ఆదివారం డోలక్ వాయిస్తూ కళ్ళు మూసుకొని పరవశించే మనిషి శనివారం ఇలాంటి మాట ఎలా అనగలడో నాకు అర్థమయ్యేది కాదు. బావ కోసం నేను ప్రత్యేకంగా ప్రార్థన చేసేవాణ్ణి. ఆ ప్రార్థనలో ప్రేమ కంటే ఫిర్యాదు ఎక్కువ ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ ఏడు కోత పండుగ తర్వాత గోలేటిలో పెద్ద సభలు పెట్టారు. సంఘం అంతా పోవాలి. సామానూ పెద్దలూ డీసీఎం బండిలో, గేరు సైకిళ్ళున్న యువకులు మాత్రం తెల్లారగానే బయలుదేరి మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి మీదుగా తొక్కుకుంటూ. ఈ ఆలోచన నాది. పాస్టరు అయ్యగారు స్వయంగా మందిరంలో నా పేరు చెప్పి ప్రకటించారు. ముందు సైకిలుకు తెల్ల జెండా కట్టాలని, ఆ సైకిలు నాదే కావాలని నేను మనసులో ఎప్పుడో తీర్మానించేసుకున్నాను. అలాంటి నాకు, పండుగకు కొన్నాళ్ళ ముందు రామగుండం దారిలో ఎత్తు ఎక్కుతుంటే, వెనక చక్రం దగ్గర టప్పుమని చప్పుడైంది. దిగి చూస్తే గేరు ముక్క రెండుగా విరిగి చైనుకు వేలాడుతోంది. చైనును ఒక పళ్ళచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి తోసే చిన్న ఇనుప వస్తువు అది. దాన్ని మేం గేరు ముక్క అనేవాళ్ళం. అది లేకుంటే గేరు సైకిలు గేరు సైకిలు కాదు. చైను తెంపి కురచ చేసి ఒకే గేరు మీద తొక్కి చూశాను. ఎత్తు రాగానే చైను జారి నా మోకాలు హ్యాండిలును ముద్దు పెట్టుకుంది. ఇంట్లో ఇంకో సైకిలు లేదా అంటే, మా బాపు డ్యూటీ సైకిలు ఉంది. ఆయన షిఫ్టుకు నడిచిపోయి నేను జెండా కట్టుకొని ఊరేగడం ఏ వాక్యం ఒప్పుకుంటుంది? గేరు ముక్క దొరక్కపోతే నేను డీసీఎంలో, వంట గంజులూ గరిటెల మధ్య, అవ్వలతో పాటు పోవాలి. ఆలోచన ఇచ్చినవాడు సామానుతో పోవాలి. అదీ నా పరిస్థితి.

నా సైకిలుకు సరిపోయే ముక్క ఊరు మొత్తంలో బావ దగ్గరే ఉంది. అది బావకు ఎలా వచ్చిందో మా అక్క ముందే చెప్పింది. ఒక ఆఫీసరు గారి బంగళాలో ఫ్రిజ్ లారీ ఎక్కించడానికి సాయం పడితే, వాళ్ళు పిల్లల సైకిళ్ళు ఊరికే ఇచ్చేశారట. ఊరికే. నా సిద్ధాంతం ప్రకారం కొన్న ధర సున్నా, కిరోసినూ గ్రీజూ కలిపి ముప్పై రూపాయలు. న్యాయంగా లెక్క కట్టుకొని, ముప్పై రూపాయలు జేబులో పెట్టుకొని, ఆ శనివారం బావ పట్టా ముందు కూర్చున్నాను. ఉరుక్కుంటూ పోలేదు. నెమ్మదిగా, అవసరం లేనివాడిలా పోయాను. అయినా నా మోకాలికి కట్టిన గుడ్డ నా అవసరాన్ని నాకంటే ముందే చెప్పేసింది.

"మూడు వందలు" అన్నాడు బావ, నేను నోరు తెరవక ముందే.

"ఏంది బావా, నీకు ఊరికే వచ్చిందాన్కి మూడు వందలా?"

"ఊరికే ఎక్కడిది? ఫ్రిజ్ లేపితే నా నడుం పట్టుకున్నది. మీ అక్కనడుగు, మూడు దినాలు జండూబాం రాసింది."

"అయితే జండూబాం పైసలు కూడ కలుపుత. యాభై."

"బామ్మర్దివని మూడు వందలు చెప్పిన. పరాయోడైతే ఇంకా ఎక్కువ. గిదొక్కటే ఉన్నది, ఇష్టమైతే తీస్కో, లేకుంటె డీసీఎంల పో. అవ్వలు మంచిగ చూసుకుంటరు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. సహోదరుల మధ్య వివాదం వస్తే బయటివాళ్ళ దగ్గరికి కాకుండా సంఘ పెద్దల దగ్గరికి తీసుకుపోవాలని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. భూమి తగాదాలు, మొగుడూ పెళ్ళాల తగాదాలు అలాగే తీరేవి. వాడిన గేరు ముక్కకు న్యాయమైన ధర ఎంత అన్న ప్రశ్న మాత్రం మా సంఘ చరిత్రలో అంతకుముందు ఎవరూ తీసుకుపోలేదు. నేను తీసుకుపోయాను. ఆదివారం ఆరాధన అయిపోగానే, ముక్కను గుడ్డలో చుట్టి బావను వెంటపెట్టుకొని, పెద్దల చాప ముందు కూర్చున్నాను. అయ్యగారు ఇంకో ఊరి ఆరాధనకు వెళ్ళారు కాబట్టి సంఘ పెద్దే తీర్పరి. ఆయన గనిలో ఓవర్‌మెన్‌గా చేసి దిగిపోయిన మనిషి. అందరికీ పెద్దయ్య. ముక్కను అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైకి నెట్టి చూశాడు.

"గిది గడియారంలదా?"

"కాదు పెద్దయ్యా, సైకిలుది. గిది ఉంటె ఎత్తు మీద సులువుగ పోవచ్చు."

"దిగి నడిపిస్తె పోదా?"

"పోతది గానీ..."

"మేం నలభై ఏండ్లు దిగి నడిపించినం" అన్నాడు పెద్దయ్య, పక్కనున్న పెద్దల వైపు చూసి. వాళ్ళు తలలాడించారు. నేను తూకపు రాళ్ళ సంగతి ఎత్తుకున్నాను. చాలాసేపే మాట్లాడాను. వాక్యం తర్వాత వాక్యం, కంఠత. పోటీలో అయితే ఇంకో స్టీలు గ్లాసు ఖాయం. బావ నేల మీద వేలితో డోలక్ దరువు వేస్తూ కూర్చున్నాడు. చివరికి పెద్దయ్య చెయ్యెత్తాడు. "నీ ధర నువ్వు చెప్పినవ్, ఆయన ధర ఆయన చెప్పిండు. సైకిలు సంగతి మాకు తెల్వదు. వచ్చే ఆదివారం కోత పండుగనే గదా. దీన్ని హర్రాజుల పెడదాం. సంఘం ఎంత పాడితే గదే న్యాయమైన ధర. సరేనా?"

బావ దరువు ఆగింది. "దేవుని పని పెద్దయ్యా. నేను దీన్ని కానుకగనే ఇస్తున్న. నాకు పైస వద్దు" అన్నాడు. పెద్దలందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనే అన్నాను. నా ఆనందానికి కారణం ఉంది. గేరు ముక్క ఎవరికి కావాలి? మా బ్యాచ్‌కి తప్ప ఎవరికీ అక్కర్లేదు. మా బ్యాచ్ దగ్గర డబ్బుల్లేవు. ముప్పైకో నలభైకో నా చేతికి వస్తుంది, బావకు పైసా రాదు, దేవునికి మహిమ కలుగుతుంది. దీని కంటే చక్కని తీర్పు ఏ రాజు ఇచ్చి ఉంటాడు అనుకుంటూ ఇంటికి పోయాను. కోత పండుగ వేలం అంటే ఏమిటో పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవాణ్ణి, ఆ ఒక్క వారం మాత్రం మరిచిపోయాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కోత పండుగ అంటే పంటలో మొదటి ఫలం దేవునికి తెచ్చే పండుగ. మా దగ్గర కోసేది బొగ్గు. అది కంపెనీది, తేవడానికి వీల్లేదు. అందుకని ఊళ్ళలో పొలాలున్నవాళ్ళు మక్క కంకులు, వడ్లు తెస్తారు. మిగతావాళ్ళు బజారుకు పోయి గుమ్మడికాయ కొనుక్కొస్తారు, కోడిని కొనుక్కొస్తారు. అవన్నీ బల్ల మీద పెట్టి మధ్యాహ్నం వేలం వేస్తారు. ఆ వేలంలో ఎవరూ వస్తువు కొనరు. మొక్కుబడి తీర్చుకుంటారు, కృతజ్ఞత చెల్లిస్తారు, పక్కింటివాళ్ళ కంటే దేవుణ్ణి ఎక్కువ ప్రేమిస్తున్నామని చూపించుకుంటారు. బజారులో రూపాయికి రెండొచ్చే నిమ్మకాయ ఇక్కడ వందలు పలుకుతుంది. గెలిచినవాళ్ళు "మళ్ళ దేవునికే" అని తిరిగి బల్ల మీద పెడితే అదే కాయ మళ్ళీ పాటకు వస్తుంది. పైగా పండుగ ఎప్పుడూ లాభాల బోనసు పడే రోజుల్లోనే వస్తుంది. (పంట కోతకు కాదు, బోనసుకు సరిపోయేలా తారీఖు పెడతారని మా అక్క అనుమానం.)

ఆ ఆదివారం బల్ల మీద గుమ్మడికాయకూ కాళ్ళు కట్టిన కోడికీ మధ్య నా గేరు ముక్క కూర్చుంది. బావ దాన్ని కిరోసిన్‌తో కడిగి, కొబ్బరినూనె రాసి, వెండి వస్తువులా మెరిపించి తెచ్చాడు. పాట పాడించేది సైరన్ అన్న. గొంతు షిఫ్టు సైరన్ లాగా కాలనీ చివరి దాకా పోతుంది కాబట్టి ఆ పేరు. గుమ్మడికాయ ఆరు వందలకు పోయినప్పుడే నేను జేబు ఒకసారి తడుముకున్నాను. తర్వాత ఆయన గేరు ముక్కను రెండు వేళ్ళతో పైకెత్తాడు.

"గిది సైకిలు సామాను. దేవుని కొరకు ఎవరు పాడతరు?"

"ముప్పై" అన్నాను.

"ముప్పై అంటున్నడు తూకం తమ్ముడు. బోనసు పడ్డ నెలల దేవునికి ముప్పై."

అందరూ నవ్వారు. ఎవరో యాభై అన్నారు. పెద్దయ్య వంద అన్నాడు. నేను నా దగ్గరున్నదంతా లెక్కేసుకొని నూట ఇరవై అన్నాను. అప్పుడు ఆడవాళ్ళ చాపల వైపు నుంచి "గదేందో గానీ, నూట యాభై" అని వినిపించింది. నిమ్మకాయ అవ్వ. అంతకుముందు ఏడాది అవ్వ నిమ్మకాయను పాడుకుంది. కొడుకు కాలు విరిగి దవాఖానలో ఉన్నాడు అప్పుడు. పండుగ తర్వాత కాలు బాగైంది, కొడుకు మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. అందుకని ఈ ఏడు బల్ల మీద ఏది వస్తే దానికి పాడుతోంది. పెద్దయ్య మూడు వందలకు గెలిచి "మళ్ళ దేవునికే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ రెండో పాట మూడు వందల దగ్గరే మొదలవుతుందని అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు, ఐదు, ఆరు. అవ్వ ఏడు వందలు అన్నాక ఎవరూ పైకి పాడలేదు.

నేను నిలబడ్డాను. ఉండబట్టలేకపోయాను. "అవ్వా, గది నీకెందుకే?"

సైరన్ అన్న నా వైపు తిరిగాడు. "తమ్మీ, హర్రాజుల ఎందుకు అని అడగొద్దు. ఎంత అని అడగాలె. ఏడు వందలు, మూడోసారి." మందిరం అంతా చప్పట్లు. అవ్వ వచ్చి ముక్కను కొంగులో వేసుకొని, కళ్ళకద్దుకొని వెళ్ళింది.

అక్కడితో అయిపోతే నేను భరించేవాణ్ణే. తర్వాతి శనివారం బావ పట్టా మీద ఇంకో రెండు గేరు ముక్కలు ప్రత్యక్షమయ్యాయి. ఇదొక్కటే ఉందన్న మనిషి దగ్గర. ఆ బంగళా పిల్లలు ఎంతమందో మా అక్కను అడగకపోవడం నా తప్పు. "ఏడు వందలు" అన్నాడు బావ, మొహంలో ఏ కదలికా లేకుండా. "మూడు వందలన్నవ్ గదా" అంటే "గది నేను చెప్పిన ధర బామ్మర్ది. గిది సంఘం తేల్చిన ధర. సంఘం మాట నేను కాదంటనా?" అన్నాడు. అమ్ముడుపోయాయి కూడా. బోనసు పడిన తండ్రుల కొడుకులు ఇద్దరు కొనేశారు. అది చూసి పెడళ్ళ ధర లేచింది, సీట్ల ధర లేచింది, తుప్పు పట్టిన చువ్వల కట్ట కూడా లేచి కూర్చుంది. "పండుగ రేటు" అన్న కొత్త మాట మా పట్టాల మీద పుట్టింది. దానికి తండ్రిని నేను. కోపంతో పెద్దయ్య దగ్గరికి పోయి, కానుక ధర వేరు, సరుకు ధర వేరు, దేవుని మీద ప్రేమతో ఇచ్చినదాన్ని బజారు రేటు చేస్తారా అని అడిగాను. నా వాదన అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే. పెద్దయ్య మాత్రం "నువ్వే గదరా తేల్చుమన్నవ్" అని పండుకున్నాడు.

ఇక మిగిలింది అవ్వ. సభలకు పోయే ముందు రోజు అవ్వ క్వార్టరుకు పోయాను. దేవుని క్యాలెండర్ కింద గూట్లో గేరు ముక్క, దాని పక్కన గోలీకాయంతగా ఎండిపోయిన పోయినేటి నిమ్మకాయ. నేను సూటిగా మొదలుపెట్టాను. "అవ్వా, గా ముక్కను న్యాయమైన ధరకు అమ్ముతవా? నూట ఇరవై ఇస్త."

అవ్వ చెంపలు వేసుకుంది. "దేవుని దగ్గర పాడుకున్నది అమ్ముకుంటర బిడ్డా? గట్లనకు. చాయ్ తాగుతవా?"

చాయ్ తాగుతూ అవ్వకు నా సిద్ధాంతం మొత్తం వివరించాను. కొన్న ధర, కిరోసిన్, గ్రీజు. ఏడు వందలు ఎందుకు అన్యాయమో, మూడు వందలు ఎందుకు అన్యాయమో, నూట ఇరవై నేను ఎంత ఉదారంగా ఇస్తున్నానో. అవ్వ అంతా శ్రద్ధగా విన్నది. "మంచిగ చదువుకున్నవ్ బిడ్డా" అని ఒక బిస్కట్ చేతిలో పెట్టింది. నేను లేచి వచ్చేశాను.

తెల్లారి సైకిళ్ళు జెండాతో ముందు పోయాయి. జెండా బావ సైకిలుకు కట్టి ఉంది. నేను డీసీఎంలో, సాంబారు గంజుకూ హార్మోనియం పెట్టెకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. పక్కన నిమ్మకాయ అవ్వ. ఒడిలో గుడ్డసంచి, సంచిలో గేరు ముక్క. గోలేటిలో ఉన్న చెల్లెలికి చూపించడానికి తెస్తోందట. ఊహించుకోండి. నేను సైకిలు మీద పోవడానికి కావలసిన ఒకే ఒక్క వస్తువు, నాకు మూరెడు దూరంలో, సంచిలో కూర్చొని, నాతో పాటే డీసీఎంలో ప్రయాణం చేస్తోంది. గోదావరి బ్రిడ్జి మీద బండి సైకిళ్ళను దాటినప్పుడు బావ చెయ్యి ఊపాడు. అవ్వలందరూ ఊపారు. నేను గంజు మూత పట్టుకున్నాను.

మంచిర్యాలలో చాయ్‌కి ఆగితే సైకిళ్ళు మళ్ళీ ముందుకు పోయాయి. మందమర్రి దాటాక ఒక ఎత్తు దగ్గర, రోడ్డు పక్కన సైకిలు పడుకోబెట్టి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. జెండా మన్నులో ఉంది. బావ. డీసీఎం ఆగింది. ఆయన గేరు ముక్క నాది విరిగినట్టే రెండుగా విరిగింది. నేను గంజుల మధ్య నుంచి మెడ చాచి చూశాను. దేవుడు న్యాయవంతుడు అని నా పెదవుల దాకా వచ్చింది. అదనపు ముక్కలు ఉంటే వేసుకునేవాడే, పండుగ రేటుకు అన్నీ అమ్ముకున్నాడు కదా. ఎక్కు బావా, హార్మోనియం పక్కన చోటుంది అని పిలవడానికి నోరు తెరుస్తున్నాను.

బావ బండి అంచు పట్టుకొని అవ్వ వైపు చూశాడు. "అవ్వా, గా ముక్క తెచ్చినవా? జర ఇయ్యవే."

అవ్వ సంచిలో చెయ్యి పెట్టి తీసి ఇచ్చేసింది. ఎండుటాకు ఇచ్చినట్టు. "తీస్కపో కొడుకా. జల్ది బిగించుకో, మీటింగ్ సురువైతది."

నాలో ఏదో టప్పుమంది. గంజు మూత వదిలేసి లేచి నిలబడ్డాను. "అవ్వా, ఏం చేసినవ్ నువ్వు? దాన్కి మూడు వందలన్నది గీయిననే. తర్వాత ఏడు వందలన్నది గీయిననే. అందర్ని దోచిండు. నేను నిన్న నీ ఇంటికొచ్చి అంతసేపు అడిగితె ఇయ్యలేదు. గీయినకెట్ల ఇస్తవ్?"

అవ్వ నా వైపు చూసింది. నిజంగా ఆశ్చర్యపడింది, అందులో ఏ వెటకారమూ లేదు. "నువ్వెప్పుడు అడిగినవ్ బిడ్డా? అమ్ముతవా అన్నవ్. దేవుని వస్తువు నేనెట్ల అమ్ముత? ఇయ్యి అంటె ఇయ్యకపోదునా?"

డీసీఎంలో అవ్వలందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. డ్రైవరు కూడా అద్దంలో చూసి నవ్వాడు. బావ రోడ్డు పక్కన కూర్చొని ముక్క బిగించుకున్నాడు. పానా కోసం నన్నే అడిగాడు, నేను ఇచ్చాను కూడా. జెండా దులుపుకొని ఎక్కి తొక్కుకుంటూ పోయాడు. సభలో ప్రసంగం, చివరి గంటకు వచ్చిన కూలీకి కూడా నిండు రోజు కూలీ ఇచ్చిన తోట యజమాని గురించి. బావ డోలక్ పక్కన పెట్టి మరీ ఆమెన్ అన్నాడు. ఆ కథ నాకు కంఠత. దానికే రెండో తరగతిలో మొదటి స్టీలు గ్లాసు వచ్చింది. కానీ పొద్దున్నుంచి ఎండలో పనిచేసిన ఆ కూలీల మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఆ రోజు, గోలేటి షామియానా కింద, సాంబారు వాసన కొడుతున్న ప్యాంటుతో కూర్చొని, మొదటిసారి తెలుసుకున్నాను.

అవ్వ తర్వాత కొన్నేళ్ళకు ప్రభువు దగ్గరికి వెళ్ళింది. బావకు ఈ మధ్య భూపాలపల్లికి బదిలీ అయింది. సామాను లారీలో చోటు చాల్లేదు. పాత సైకిలు జామచెట్టు కింద మిగిలిపోతుందని తెలిసి, దాని గేరు ముక్కను విప్పి, గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చి నా ముందు పెట్టాడు. దాన్ని చూడగానే నా నోట్లోంచి ఏ మాట వచ్చి ఉంటుందో మీరు ఊహించే ఉంటారు. "ఎంత బావా?" అన్నాను. నేను అనలేదు, నా నోరు అన్నది. బావ నవ్వీ నవ్వీ ఆయాసం వచ్చి మా మెట్ల మీద కూర్చుండిపోయాడు. మా అక్క నీళ్ళు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

ఇప్పుడది మా గూట్లో ఉంది. సైకిలు పిచ్చి ఉన్న కొత్తవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు, పాత ముక్కల కోసం. గూట్లో దాన్ని చూసి కళ్ళు పెద్దవి చేసుకుంటారు. ఇప్పుడలాంటివి దొరకవట. "అన్నా, ఎంతకిస్తవ్?" అంటారు. కొందరు ఫోన్ తీసి ధర వెతికి చూపిస్తారు, కొందరు నా అంతట నేనే చెప్పమంటారు. ఒకాయన ఏకంగా న్యాయమైన ధర అన్న మాట కూడా వాడాడు. నేను అమ్మనని చెప్పి, చాయ్ తాగుతవా అని అడుగుతాను. వాళ్ళు తాగి, నిట్టూర్చి వెళ్ళిపోతారు. ఇంతమంది వచ్చిపోయారు, "ఇయ్యి అన్నా" అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఇంత చదువుకున్నారు, ఇంత చిన్న మాట అడగడం రాదా వీళ్ళకు అని ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటలోనే ఖాళీ కప్పులు తీసుకొని లోపలికి పోతూ గూటి వైపు చూస్తే, ఎక్కడో డీసీఎంలో అవ్వలు నవ్వుతున్నట్టు వినిపిస్తుంది.